ఉందని చెప్పిన నెట్టు

ఒంగోలులో వాళ్ళింటికి పెళ్ళిచూపులకి పోయినప్పుడు ఆ అమ్మాయి మమ్మల్ని అడిగింది ఒక్కటే మాట. "మీ ఇంట్లో నెట్ ఉందాండీ?"

పొలం ఎన్నెకరాలు అని అడగలేదు. ఇల్లు ఎట్లా ఉంటుందని అడగలేదు. ఆసుపత్రుల ఇన్సూరెన్స్ కాగితాలు సరిచూసే కంపెనీలో ఉద్యోగమంట, ఇంటి నుంచే చేస్తుందంట. పొద్దున తొమ్మిదింటికి కంప్యూటర్ ముందు కూర్చుంటే సాయంత్రం ఆరు దాకా నెట్ తెగకూడదంట. "పల్లెటూరైనా నాకేం ఇబ్బంది లేదండీ. నెట్ ఉంటే చాలు, నా పని నేను చేసుకుంటాను" అంది నా వైపు సూటిగా చూస్తూ.

పక్క కుర్చీలో ఉన్న మావాడు నోరు తెరవబోయాడు. వాడు ఉన్నదున్నట్టు చెప్పే రకం, అచ్చం వాళ్ళ నాన్న. వాడి నోట్లోంచి మాట రాకముందే నేను అందుకున్నాను. "లేకేమమ్మా! ఎప్పట్నించో ఉంది. ఇంట్లో ఏ మూల కూర్చున్నా బ్రహ్మాండంగా వస్తుంది."

మా ఆయనకి పొలమారింది. మంచినీళ్ళు తాగుతున్నాడు లెండి. మా ఇంట్లో నెట్ అంటే మా ముగ్గురి ఫోన్లలో ఉన్నదే. నా ఫోన్‌లో మాట్లాడాలంటే వాకిట్లోకి పోయి కుళాయి దగ్గర నిలబడాలి.

నన్ను తిట్టుకునే ముందు ఒక్క మాట వినండి. మావాడికి ముప్ఫై మూడేళ్ళు. ఐదేళ్ళుగా సంబంధాలు చూస్తున్నాం. తాగడు, తిరగడు, మిరప తోట వాడి చేతిలో పడ్డాక మా ఆయన నిశ్చింతగా అరుగు మీద కూర్చోగలుగుతున్నాడు. కానీ అవతలివాళ్ళు "అబ్బాయి ఏం చేస్తాడండీ" అనడం, మేము "వ్యవసాయం" అనడం, వాళ్ళు "సరేనండీ, మళ్ళీ ఫోన్ చేస్తాం" అనడం. ఆ ఫోన్ ఈనాటి వరకూ రాలేదు, ఒక్కరి దగ్గర్నించీ. పెళ్ళిళ్ళ పేరయ్య అయితే మార్టూరులో ఏదో గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అని చెప్పుకుందాం అన్నాడు. అప్పుడు ఆ పేరయ్య మీద ఇంతెత్తున లేచాను. "నా కొడుకు రైతు. రైతనే చెప్పు. ఇష్టమైతే చేసుకుంటారు, లేకపోతే మానేస్తారు" అన్నాను. అంత పెద్ద అబద్ధానికి ఒప్పుకోనిదాన్ని, ఇంత చిన్న మాట దగ్గర నోరు జారాను. చిన్నదేలే అనుకున్నాను అప్పుడు.

తిరుగు ప్రయాణంలో కారు అద్దంకి దాటాక మావాడు అన్నాడు, "ఎందుకమ్మా అలా చెప్పావ్?"

"పెట్టిద్దాంలేరా. కుదిరినా పెళ్ళికి రెండు నెలలన్నా పడుతుంది."

"నెట్టంటే వంకాయలనుకున్నావా, సంతలో కొనుక్కొచ్చి మూల పెట్టడానికి?" అన్నాడు మా ఆయన.

"ఇప్పుడు చెప్పి సంబంధం చెడగొట్టుకుందామా అయితే? ఫోన్ చెయ్యి. చెయ్యవయ్యా, చెయ్యి" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. మావాడూ ఫోన్ తియ్యలేదు. వాడికి ఆ అమ్మాయి నచ్చింది. అది వాడి ముఖం చూస్తేనే తెలుస్తోంది.

ఆ రాత్రే వాళ్ళు సరేనని ఫోన్ చేశారు. మర్నాడు పొద్దున్నే కేబులాయన్ని పిలిపించాను. ఆయన ఇనప స్తంభం నుంచి సన్నటి నల్ల తీగ లాక్కొచ్చి, ముందు గదిలో టీవీ పక్కన చిన్న తెల్ల డబ్బా ఒకటి బిగించాడు. అందులో పచ్చ దీపాలు వెలిగాయి. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే అన్నాడు, "వదినా, దీని వైఫై ఈ గది వరకే. ఆ వెనక గదికి అందాలంటే మంచి రూటర్ ఒకటి కొనుక్కోండి. లేదంటే చెప్పండి, లోపల్నించి గోడలకి బెజ్జాలు పెట్టి వైరు లాగుతా."

ఈ ఏడన్నా పెళ్ళవుతుందన్న ఆశతో, కొత్త దంపతులకి వెనక గదే ఇద్దామని అప్పటికే సున్నాలు వేయించాం, రంగులు వేయించాం. "కొత్త గోడలకి బెజ్జాలేంటి, ఊరుకో" అన్నాడు మా ఆయన. నాకూ మనసొప్పలేదు. పెళ్ళికూతురు అడుగుపెట్టే ఇంట్లో గోడల వెంట నల్ల తీగలు వేలాడుతుంటే, ఇది నిన్నగాక మొన్న పెట్టించిన వ్యవహారమని కనిపెట్టదూ? రూటరే కొందామన్నాను.

ఆ మాట అనడం తేలికే. కొనడం మొదలుపెట్టాక తెలిసింది నా ఖర్మ. వెయ్యికి దొరుకుతుంది, పదిహేను వందలకి దొరుకుతుంది, రెండు వేలకి దొరుకుతుంది, పది వేలకీ దొరుకుతుంది. పెళ్ళి ఖర్చులో నేను దీనికని రెండు వేలు పక్కన పెట్టుకున్నాను. ఆ రెండు వేలలో ఏది కొంటే వెనక గదిదాకా తెగకుండా వస్తుందో చెప్పేవాడు ఒక్కడు లేడు. మావాడు ఫోన్‌లో జనం రాసిన అభిప్రాయాలు చదివి వినిపించేవాడు. అదే రూటర్‌కి ఒకడు "అద్భుతం" అని రాస్తాడు, కిందనే ఇంకొకడు "దండగ, వారానికే పోయింది" అని రాస్తాడు. ఆ రెండోవాడి మాటే నా చెవుల్లో మోగేది రోజంతా.

చర్చి పాస్టరమ్మగారింట్లో ఉందని విని ఆమె దగ్గరకీ పోయాను. ఆదివారం ఆరాధన ఫోన్లలో చూపిస్తారు కాబట్టి ఆమెకి తెలుస్తుందని. బీరువా మీద ఉన్న రూటర్ కిందికి దించి, కొంగుతో దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టింది పాపం. "బాగానే ఉంటుందక్కా. ఎప్పుడన్నా మధ్యలో ఆగుతుంది, అంతే."

"ఎప్పుడన్నా అంటే?"

"వారానికొకసారో, రెండుసార్లో. ఆగితే ఏముందక్కా, కాసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాం. మళ్ళీ వస్తుంది."

మా కోడలు పనిచేసే కంపెనీలో కళ్ళు మూసుకుంటే కుదరదు గదా తల్లీ అనుకుంటూ ఇంటికొచ్చాను.

చివరికి చిలకలూరిపేటలో కంప్యూటర్ల షాపుకి పోయాం, నేనూ మావాడూ. షాపతను నెమ్మదస్తుడు, కళ్ళజోడు పెట్టుకుని అన్నీ అడిగాడు.

"ఎన్ని గదులు పిన్నిగారూ?"

"ముందు గది, నడిమి గది, వెనక గది. వరసాగ్గా మూడు. వంటిల్లు పక్కకి."

"గోడలు?"

"ఇటుకవే. పాతకాలం ఇల్లు, అడుగున్నర మందం ఉంటాయి."

"అంటే రెండు మందపాటి గోడలు దాటాలి. మధ్య గదిలో బీరువాలు, ఫ్రిజ్జు, అలాంటివేమన్నా అడ్డం ఉన్నాయా?"

"ఏమీ లేవు నాయనా. ఖాళీ గది. పండక్కి చాపలేసుకుని పడుకోవడానికి తప్ప దానితో పనే లేదు" అన్నాను. మావాడు కూడా తలూపాడు. ఆ రోజు చూసుకుంటే నిజమే చెప్పాం ఇద్దరమూ.

అతను మూడు డబ్బాలు ముందు పెట్టాడు. ఒకదానికి రెండు కొమ్ములు, ఒకదానికి నాలుగు, ఒకదానికి ఆరు. యాంటెన్నాలంటారంట, నాకు మాత్రం కొమ్ముల్లాగే కనిపించాయి. కొమ్ములెక్కువైతే దూరం పోతుందనుకున్నాను. "కొమ్ముల్ని చూసి కొనకండి పిన్నిగారూ" అని నవ్వాడు. రూటర్లో రెండు రకాల సిగ్నల్ ఉంటుందని చెప్పాడు. ఒకటి స్పీడెక్కువ, కానీ గోడ వస్తే చతికిలబడుతుంది. రెండోది కాస్త నిదానం, గోడలు దాటుతుంది. చవక దాంట్లో ఒకటే ఉంటుంది, రెండూ కావాలంటే నాలుగు కొమ్ములది తీసుకోమన్నాడు. "మీ ఇంటికి ఇది సరిపోతుంది. మూడేళ్ళ వారంటీ."

"సరిపోతుందా, సరిపోవచ్చా?"

"సరిపోతుంది."

"రాసిస్తావా?"

మావాడు సిగ్గుతో రోడ్డు వైపు తిరిగాడు. నాకేం సిగ్గు? ఆ రోజు ఏమీ కొనకుండా బస్సెక్కేశాను. మూడు రోజులు అన్నం సయించలేదు. ఆరు కొమ్ములది తెస్తే రెండు వేలు దాటి ఎక్కడికో పోతుంది, రెండు కొమ్ములది తెస్తే అమ్మాయి ముందు పరువు పోతుంది. నాలుగో రోజు ఒక్కదాన్నే పోయి నాలుగు కొమ్ములది కొనుక్కొచ్చాను. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, పైన పెడితే కుదుపులకి ఏమన్నా అవుతుందేమోనని.

మావాడు దాన్ని ముందు గదిలో తెల్ల డబ్బా పక్కన బిగించాడు. నేను ఫోన్ పట్టుకుని వెనక గదిలో మంచం మీద కూర్చున్నాను. ఎవరో ఆవిడ గోంగూర పచ్చడి చేసే వీడియో పెట్టాను. మధ్యలో ఆ గుండ్రంగా తిరిగేది వస్తుందేమోనని కళ్ళార్పకుండా చూశాను. రాలేదు. ఇంకో వీడియో, ఇంకోటి. మూడు గంటలు చూశాను. "పచ్చళ్ళన్నీ నేర్చేసుకున్నావా?" అని గుమ్మంలోంచి అరిచాడు మా ఆయన. నాకు నవ్వు రాలేదు గానీ ఆ పూట కడుపునిండా తిన్నాను.

మాఘమాసంలో పెళ్ళయింది. అమ్మాయి వచ్చింది. వెనక గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని, సోమవారం పొద్దున తొమ్మిదింటికి చెవులకి అవి తగిలించుకుని కూర్చుంది. నేను ముందు గదిలో రూటర్ ఎదురుగా పీట వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్నాను. పచ్చ దీపం మిణుకుమంటే నా గుండె దడదడా కొట్టుకునేది. పని చేస్తున్నప్పుడు అది మిణుకుమనే తీరాలంట, ఆ సంగతి మావాడు చెప్పేదాకా నాకు తెలీదు. తొమ్మిది నుంచి ఆరు దాకా మిక్సీ వెయ్యనిచ్చేదాన్ని కాదు. చీపురు తీగలకి తగులుతుందని ఆ మూల ఊడవనిచ్చేదాన్ని కాదు. కరెంటు పోతే నిలబడే చిన్న బ్యాటరీ కూడా తెప్పించాను. "అత్తయ్యా, మీరు దానికి కాపలా ఉండక్కర్లేదండీ, బాగానే వస్తోంది" అని నవ్వింది కోడలు మొదటివారంలోనే. నేనూ నవ్వాను. లోపల మాత్రం, నీకేం తెలుసమ్మా అనుకున్నాను.

మూడు వారాలు ఒక్క రోజు తెగలేదు. నేను కూడా కాస్త తేరుకుని, పీట మళ్ళీ వంటింట్లోకి మార్చాను.

అప్పటికే మిరప కోతలు ముమ్మరమయ్యాయి. కాయలు కల్లంలో ఆరబోశాం, ఆరాయి, రంగు పోయిన తాలుకాయలు ఏరించాం, టిక్కీలు కట్టించాం. మా వైపు ఎండుమిరపకాయలు తొక్కి నింపిన బస్తాని టిక్కీ అంటాం. కోల్డ్ స్టోరేజీలో చోటు దొరికేసరికి పది పదిహేను రోజులు పడుతుందన్నారు. ఈలోపు ఒక మధ్యాహ్నం తూర్పున మబ్బు పట్టింది. చినుకు పడిందంటే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. మావాడూ కూలీలూ ట్రాక్టర్ల మీద టిక్కీలన్నీ ఇంటికి తోలి, ఎప్పటిలాగే నడిమి గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చి నిట్టు వేశారు. నేల నుంచి పైకప్పు దాకా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. ముందు గదిలోంచి వెనక గదిలోకి పోవడానికి మనిషి పట్టేంత సందు ఒక్కటే వదిలారు. ఇంటినిండా ఘాటు. కోడలికి తుమ్మీ తుమ్మీ ముక్కు ఎర్రబడింది. "నాలుగు రోజులు పోతే అలవాటైపోతుందిలేమ్మా" అన్నాను. వాన పడకుండానే మబ్బు విడిపోయింది, టిక్కీలు ఇంట్లో క్షేమంగా ఉన్నాయి. ఆ సాయంత్రం అందరం సంతోషంగా ఉన్నాం.

మర్నాడు పది గంటలకి కోడలు సందులోంచి పరుగున వచ్చింది. "అత్తయ్యా, నెట్ పోయిందండీ. మీటింగ్ మధ్యలో పోయింది."

రూటర్ చూశాను. పచ్చ దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఆపి మళ్ళీ పెట్టాం. వచ్చినట్టే వచ్చి పోయింది. కేబులాయన్ని పిలిస్తే, ఆయన డబ్బా దగ్గర నిలబడి తన ఫోన్‌లో చూసి, "ఫుల్లుగా వస్తోంది వదినా, నా లైనులో దోషం లేదు" అని చెయ్యి దులిపేసుకున్నాడు. "లేకపోవడమేంటి, అమ్మాయి అక్కడ ఏడుస్తోంది!" అని అరిచాను. ఆయన బండెక్కి పోయాడు.

నా అనుమానం రూటర్ మీదే. దండగ, వారానికే పోయిందని రాసినవాడే గుర్తొచ్చాడు. మర్నాడు దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని చిలకలూరిపేట బస్సెక్కాను. ఆ పూట కోడలు ఫోన్‌లోని నెట్‌తోనే లాక్కొచ్చింది, వాకిట్లో కుళాయి దగ్గర కుర్చీ వేసుకుని, ఎండలో.

షాపతని ముందు డబ్బా దభీమని పెట్టాను. "సరిపోతుందన్నావు. ఇదేనా సరిపోవడం?"

అతను దాన్ని అక్కడే తగిలించి చూశాడు. భేషుగ్గా పనిచేసింది. ఇంకా మండింది నాకు. "పిన్నిగారూ, కోప్పడకండి. మూడు వారాలు బాగా వచ్చి ఇప్పుడు రావట్లేదంటే, ఇంట్లో ఏదో మారి ఉండాలి. సామాన్లేమన్నా జరిపారా? కొత్తగా ఏమన్నా పెట్టారా?"

"ఏమీ మార్చలేదయ్యా! ఎక్కడివక్కడే ఉన్నాయి. గిన్నె కూడా జరపలేదు."

ఒట్టేసి మరీ చెప్పాను. మిరపకాయలు ఇంట్లోకి రావడాన్ని మార్పు అనుకోవాలని నాకు తట్టనేలేదు. నేను కాపరానికొచ్చిన ఏడాది నుంచీ మాఘం ఫాల్గుణాల్లో ఆ గదినిండా టిక్కీలే. ఎండాకాలంలో ఎండ వచ్చిందని ఎవరన్నా చెప్పుకుంటారా? అతను పాపం తల గోక్కుని, ఆరు కొమ్ములది ఇచ్చి, పై డబ్బులు తర్వాత చూద్దాం, రెండు రోజులు వాడి చూడమన్నాడు. దాన్ని తెచ్చి పెట్టాం. ముందు గదిలో మెరుపులా వచ్చింది. వెనక గదిలో ఒక గీత వస్తుంది, పోతుంది.

మూడో రోజు కోడలు వాళ్ళ మేనేజర్‌తో మాట్లాడుతుండగా మూడుసార్లు తెగింది. మధ్యాహ్నం కోడలు అన్నానికి రాలేదు. గుమ్మంలోకి పోయి చూస్తే బల్ల మీద తల పెట్టుకుని కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"సోమవారం నుంచి నెట్ సరిగ్గా ఉన్న చోటు నుంచి పని చెయ్యమన్నారండీ. మళ్ళీ తెగితే ఇంటి నుంచి చేసే వీలు తీసేస్తారంట." కళ్ళు తుడుచుకుంది. "ఒంగోలు పోయి అమ్మావాళ్ళింట్లోంచి చేసుకుంటాను కొన్నాళ్ళు."

పెళ్ళై రెండు నెలలు కాలేదు. పెట్టె పట్టుకుని పుట్టింటికి బస్సెక్కితే, అది నెట్ కోసమని ఊళ్ళో ఎవరు నమ్ముతారు? ఊరి సంగతి అటుంచు, మావాడి ముఖం ఎట్లా చూడను? కొన్నాళ్ళని పోయిన మనిషి, అక్కడ హాయిగా పని జరుగుతుంటే, ఈ ఘాటులోకి, ఈ తుమ్ముల్లోకి మళ్ళీ ఎందుకొస్తుంది? "నేను చూస్తానుగా, సోమవారంలోపు నేను చూస్తానుగా" అంటున్నాను గానీ ఏం చూస్తానో నాకే తెలీదు.

సాయంత్రం పని అయ్యాక ఆ పిల్లే లేచింది. కంప్యూటర్ చేతిలో పట్టుకుని, తెర చూసుకుంటూ, వెనక గదిలోంచి మెల్లగా సందులోకి నడిచింది. నేను వెనకే పోయాను. టిక్కీల మధ్యలోకి వచ్చి ఆగింది, రెండడుగులు ముందుకు వేసింది, మళ్ళీ రెండడుగులు వెనక్కి వేసింది. ముందు గదిలోకి పోయి నిలబడింది. మళ్ళీ వచ్చింది. టిక్కీల మీద చెయ్యి వేసి, "అత్తయ్యా, ఇవేనండీ" అంది.

"ఇవేంటి?"

"వీటికి ఇటు నిలబడితే వస్తోంది, అటు నిలబడితే పోతోంది. ఇవొచ్చిన మర్నాడేగా పోయింది."

నోరెళ్ళబెట్టాను. మిరపకాయలు నెట్టుని ఆపుతాయా? కానీ ఆమె మళ్ళీ నడిచి చూపించింది. తెర మీద గీతలు నా కళ్ళ ముందే పడిపోయాయి, నా కళ్ళ ముందే లేచాయి. షాపతను అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో ఏమన్నా మార్చారా అని అతను అడిగితే, గిన్నె కూడా జరపలేదని ఒట్టేసి వచ్చానే! సిగ్గుతో ఒళ్ళంతా వేడెక్కింది. అయినా ఒక దారి దొరికిందన్న ఆనందంలో, "హమ్మయ్య, బతికించావు తల్లీ" అని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను.

ఆమె నవ్వబోయి ఆగింది. "మరి పోయిన సంవత్సరం ఏం చేశారత్తయ్యా? అప్పుడూ ఇవి ఇక్కడే పెట్టుంటారు గదా. అప్పుడు వెనక గదికి నెట్ ఎలా వచ్చింది?"

మామూలుగానే అడిగింది. నన్ను పట్టుకుందామని అడగలేదు, దేవుడి తోడు. పోయినేడు ఏం చేశారో తెలిస్తే ఇప్పుడూ అదే చెయ్యొచ్చని అడిగింది. ఏదో ఒకటి చెప్పొచ్చు. పోయినేడు వేరేచోట పెట్టామనొచ్చు, అప్పుడు వెనక గదిలో వాడలేదనొచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆమె చేతులు ఇంకా నా చేతుల్లోనే ఉన్నాయి.

"పోయిన సంవత్సరం నెట్ లేదమ్మా."

"లేకపోవడమేంటండీ?"

"మీ ఇంటికి వచ్చిన రోజున కూడా లేదు. ఆ మర్నాడు పెట్టించాను."

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. కోపంగా లాక్కోలేదు, మెల్లగా తీసుకుంది. అది ఇంకా భరించలేకపోయాను.

"ఇంకా ఏమేం చెప్పారత్తయ్యా?" అంది.

"ఇంకేం లేదమ్మా. ఆ ఒక్కటే. నీ మీద ఒట్టు."

ఆమె కంప్యూటర్ మూసి గదిలోకి పోయింది. వెనకాలే పోయి సర్దిచెప్పుకుందామంటే ఏం చెప్పాలి? ఐదేళ్ళు తిరిగిన సంబంధాల సంగతా? మా అవస్థ ఆ పిల్లకెందుకు? ఆమె అడిగింది ఒక్కటే మాట, దానికి నేను అబద్ధం చెప్పాను.

టిక్కీలు తీసే వీల్లేదు. తీసి ఎక్కడ పెడతాం? కేబులాయన్ని మళ్ళీ పిలిచి, తిట్టినందుకు క్షమించమని అడిగి, ఇంటి బయట నుంచి గోడ వెంట వైరు లాగించాను. వెనక గది కిటికీ పక్కన బెజ్జం పెట్టి, రూటర్‌ని ఆ అమ్మాయి బల్ల మీదకే చేర్చాం. ఈసారి మా ఆయన బెజ్జం సంగతి ఎత్తలేదు. ఆరు కొమ్ములది షాపతనికి తిరిగిచ్చి, నా నాలుగు కొమ్ములది నేను తెచ్చుకున్నాను. సోమవారం కోడలు ఒంగోలు పోలేదు. నెట్ ఒక్క క్షణం తెగలేదు. పిలిస్తే పలికేది, అన్నం వడ్డిస్తే తినేది, "చాలండీ" అనేది. అంతకు మించి ఒక్క మాట లేదు. మావాడితో ఏమన్నా చెప్పిందో లేదో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. నాకు మాత్రం పచ్చ దీపాలు చూసినప్పటికంటే ఆమె ముఖం చూస్తే ఎక్కువ భయంగా ఉండేది.

ఆ వారం చివర్లో, ఆదివారం పొద్దున నడిమి గదిలో రాలిన గింజలు ఊడుస్తున్నాను. వెనక గది తలుపు ఓరగా వేసుంది. కోడలు ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుతోంది. వీడియోలో మాట్లాడుకుంటున్నారు, రెండు గొంతులూ వినిపిస్తున్నాయి. వినకూడదని తెలుసు. చీపురు ఆగిపోయింది, అంతే.

"మొన్న మీటింగుల్లో తెగిందంటగా? నాన్నగారు ఒకటే గొడవ, అమ్మాయిని తీసుకొచ్చేద్దామని. నిజం చెప్పవే, అసలు వాళ్ళింట్లో ముందు నుంచీ నెట్ ఉందా? మన దగ్గర ఊరికే అన్నారా?"

కోడలి గొంతు, ఎప్పటిలాగే నెమ్మదిగా. "ఉందమ్మా, ముందు నుంచీ ఉంది. రెండ్రోజులు లైను పాడైంది. వాళ్ళు బాగుచేయించారు. నాన్నని కంగారు పడొద్దని చెప్పు."

సంతోషించాలి నేను. ఇల్లు నిలబడింది, మాట నిలబడింది, వియ్యాలవారి దగ్గర పరువు దక్కింది. కానీ మా గడప తొక్కి రెండు నెలలు కాలేదు, నాతో సరిగ్గా మాట్లాడను కూడా మాట్లాడటం లేదు, అలాంటి పిల్ల నా కోసం కన్నతల్లికి అబద్ధం చెబుతోంది. ఇంకెన్ని చెప్పాలో ఈ ఇంట్లో ఉండాలంటే!

చీపురు అక్కడే పడేసి తలుపు తోసుకుని లోపలికి పోయాను. కోడలు ఉలిక్కిపడి తలెత్తింది. "ఇటివ్వమ్మా ఫోను" అన్నాను. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను చెయ్యి చాపి అలాగే నిలబడ్డాను. ఇచ్చింది.

"వదినగారూ, మీ అమ్మాయి చెప్పింది నిజం కాదు. నన్ను కాపాడటానికి చెప్పింది. మీ ఇంటికి వచ్చిన రోజున మా ఇంట్లో నెట్ లేదు. ఉందని నేనే అబద్ధం చెప్పాను."

వియ్యపురాలి పక్కనుంచి ఆమె భర్త కూడా వంగి చూశాడు. ఇన్నాళ్ళూ తెగకూడదని ఎన్ని దేవుళ్ళకి మొక్కుకున్నానో, ఆ నెట్టు ఆ ఒక్క నిమిషం తెగిపోతే బాగుండు అనిపించింది. తెగలేదు. బొమ్మ చెక్కుచెదరలేదు. వియ్యపురాలు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, నన్నే చూస్తూ కూర్చుంది.